కోడికి జబ్బు... ఊరికి దెబ్బ!

పొద్దున్నే ఆమ్లెట్. మధ్యాహ్నం బడిపిల్లల కంచంలో ఉడికించిన గుడ్డు. సాయంత్రం వీధి చివర బండి దగ్గర ఎగ్ నూడుల్స్. గుడ్డు ఇంత చవగ్గా, ఇంత తేలిగ్గా దొరకడానికి కారణం ఒక్కటే... వేల కోళ్లను ఒక్క షెడ్డులో, అలాంటి షెడ్లను పదుల సంఖ్యలో ఒకే ప్రాంతంలో పెంచడం. పేదవాడి కంచంలోకి గుడ్డును తెచ్చిన ఆ ఏర్పాటే, తెగులు తగిలిన రోజున ఆ ప్రాంతాన్నంతా అప్పులపాలు చేస్తోంది. చచ్చేది కొన్ని ఫారాల్లో కోళ్లే. చితికిపోయేది మాత్రం ఎన్నో కుటుంబాలు!

పశ్చిమగోదావరి జిల్లాలో వేల్పూరు. తూర్పుగోదావరి జిల్లాలో కానూరు అగ్రహారం. 2025 ఫిబ్రవరి రెండోవారం దాకా ఆ పేర్లు చుట్టుపక్కల మండలాలవారికి తప్ప పెద్దగా ఎవరికీ తెలీవు. ఒక్కరోజులో దేశమంతా తెలిసిపోయాయి. అక్కడి కోళ్లఫారాల నుంచి భోపాల్ ప్రయోగశాలకు పంపిన నమూనాల్లో హెచ్5ఎన్1... అంటే బర్డ్‌ఫ్లూ వైరస్ ఉందని తేలింది. ఆ తరవాత ఏలూరు జిల్లా బాదంపూడి, ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలం కూడా ఆ జాబితాలో చేరాయి.

అంతకు కొన్ని వారాల ముందు నుంచే గోదావరి జిల్లాల్లో కోళ్లు చనిపోతున్నాయి. సాయంత్రం దాణా తిన్న కోడి తెల్లారేసరికి కేజ్‌లో ఒరిగిపోతోంది. ఫారాల్లో అప్పుడప్పుడూ వచ్చే కొక్కెర తెగులుకీ దీనికీ పైకి కనిపించే లక్షణాల్లో పెద్ద తేడా ఉండదు. పరీక్ష చేస్తే తప్ప ఏదేదో చెప్పలేం. ఈలోగా చచ్చిన కోళ్లను కాలువల్లో, రోడ్ల పక్కన పడేసిన సంఘటనలూ బయటపడ్డాయి.

ఫలితాలు వచ్చాక అంతా చకచకా జరిగిపోయింది. వైరస్ కనిపించిన ఫారానికి కిలోమీటరు దూరం వరకూ ఉన్న కోళ్లన్నిటినీ చంపి గోతుల్లో పూడ్చేశారు. పది కిలోమీటర్ల పరిధిపై నిఘా పెట్టారు. ఆంధ్రా నుంచి వచ్చే కోళ్ల లారీలను తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గరే ఆపి వెనక్కి పంపేసింది. ఆదివారం వస్తే క్యూ కట్టాల్సిన చికెన్ దుకాణాలు వెలవెలబోయాయి. జనంలో భయం పోగొట్టడానికి కోళ్ల పరిశ్రమే గుంటూరు, హైదరాబాద్ లాంటిచోట్ల ‘చికెన్ మేళా’లు పెట్టి ఉచితంగా వండి వడ్డించాల్సి వచ్చింది.

వైరస్ ఉన్నట్టు తేలిన ఫారాలను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మరి నష్టపోయిందెవరు? ఆ లెక్క తేలాలంటే ముందు ఈ వ్యాపారం నడిచే తీరు తెలియాలి.

నూటికి ముప్ఫై మనవే!

కేంద్ర పశుసంవర్ధక శాఖ లెక్కల ప్రకారం 2023-24లో దేశంలో ఉత్పత్తయిన గుడ్లు 14,277 కోట్లు. అందులో 17.85 శాతంతో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. దాదాపు 12.9 శాతం తెలంగాణది. అంటే దేశంలో ప్రతి 100 గుడ్లలో 30 తెలుగు నేల మీదివే. తణుకు, అనపర్తి చుట్టుపక్కల ఫారాల గుడ్లు లారీలెక్కి బెంగాల్, ఒడిశా, బిహార్, అసోం దాకా వెళ్తాయి.

ఇదంతా పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకునే రోజుల్లో సాధ్యమయ్యేది కాదు. 1970ల నుంచి మేలుజాతి కోళ్లు వచ్చాయి. 1982లో హైదరాబాదీ డాక్టర్ బి.వి.రావు చొరవతో నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ సంఘం) పుట్టింది. రైతులే రోజువారీ గుడ్డు ధర ప్రకటించుకునే పద్ధతి మొదలైంది. పేపర్లో మనం రోజూ చూసే ‘నెక్ ధర’ అదే. దాణా మిల్లులు, పిల్లల హేచరీలు, మందుల దుకాణాలు, ట్రేల తయారీదారులు, లారీల యజమానులు... అందరూ ఫారాల చుట్టూనే స్థిరపడ్డారు. అన్నీ దగ్గరగా ఉంటే ఖర్చు తగ్గుతుంది. ఖర్చు తగ్గితే గుడ్డు చవకవుతుంది. అందుకే ఒక ఫారం పక్కన ఇంకోటి, దాని పక్కన మరోటి లేచాయి.

వైరస్‌కి కావాల్సిందీ అదే! ఒక షెడ్డులో వేల కోళ్లు. అన్నీ ఒకే జాతివి, ఒకే వయసువి. పక్క షెడ్డుకి దూరం కొద్ది గజాలే. ఒకే దాణా లారీ నాలుగు ఫారాలు తిరుగుతుంది. ఒకచోట గుడ్లు దింపిన అట్ట ట్రేలు మళ్లీ మరోచోటికి వెళ్తాయి. గుడ్లు పెట్టడం మానేసిన ముసలి కోళ్లను కొనే వ్యాపారి బండి ఊరూరా ఆగుతుంది. వైరస్‌ను వలసపక్షులు మోసుకొచ్చినా, దాన్ని ఒక ఫారం నుంచి ఇంకో ఫారానికి చేర్చేది చాలాసార్లు మనుషుల చెప్పులూ, బండి చక్రాలూ, ట్రేలే.

ఓ రైతు లెక్క

యాభైవేల లేయర్ కోళ్లున్న ఒక మధ్యతరహా ఫారాన్ని ఊహించుకుందాం. ఒక్కో కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. అంటే రోజూ అయిదున్నర టన్నులు! నూటికి 90 కోళ్లు గుడ్డు పెడితే రోజుకి 45 వేల గుడ్లు. ముప్ఫై గుడ్ల ట్రేలు 1,500. ఈ పెట్టుబడిలో చాలా భాగం బ్యాంకుదో, దాణా వ్యాపారిదో. గుడ్లు అమ్మిన డబ్బుతోనే మర్నాటి దాణా వస్తుంది.

ఇప్పుడు ఆ ఫారంలో వైరస్ బయటపడింది. కోళ్లన్నిటినీ చంపేశారు. పరిహారం ఎంత? కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరించే ఈ పరిహారం రేట్లు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. 2021లో మహారాష్ట్రలో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు ఎనిమిది వారాలు దాటిన లేయర్ కోడికి రూ.90, ఆరు వారాలు దాటిన బ్రాయిలర్‌కి రూ.70, పిల్లకి రూ.20 చొప్పున ఇచ్చారు. ఆ లెక్కన మన రైతుకి వచ్చేది 45 లక్షలు.

చూడ్డానికి పెద్ద మొత్తమే. కానీ కోడిపిల్ల గుడ్డుకు వచ్చేసరికి నాలుగున్నర, అయిదు నెలలు పడుతుంది. అప్పటికి సుమారు ఆరు కిలోల దాణా తింటుంది. కిలో 25 రూపాయలనుకున్నా ఒక్క దాణాకే 150 రూపాయలు. పిల్ల ధర, టీకాలు, కూలీలు, కరెంటు, వడ్డీ... ఇవన్నీ పైన!

అసలు దెబ్బ ఆ తరవాత మొదలవుతుంది. షెడ్డు కడగాలి, మందు కొట్టాలి, ఎరువు తీసేయాలి. మళ్లీ కోళ్లు పెంచుకోవచ్చని అధికారులు ధ్రువీకరించేదాకా ఆగాలి. దానికి సుమారు మూడు నెలలు. తరవాత ఒకరోజు పిల్లల్ని తెచ్చుకుంటే అవి గుడ్డు పెట్టడానికి ఇంకో అయిదు నెలలు. అంటే మొత్తం ఎనిమిది నెలలపాటు ఒక్క గుడ్డూ ఉండదు. బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా ఉంటుంది. ఆ ఎనిమిది నెలల ఖాళీకి పరిహారం పట్టికలో ఏ గడీ లేదు.

బ్రాయిలర్ రైతుల సంగతి ఇంకోలా ఉంటుంది. వాళ్లలో చాలామంది కంపెనీలతో ఒప్పందం మీద పెంచుతారు. పిల్ల కంపెనీది, దాణా కంపెనీది. షెడ్డూ, కరెంటూ, కష్టం రైతువి. చేతికొచ్చేది కిలోకి ఇంత అని పెంపకం కూలి. కోడి తనది కాదు కాబట్టి, కోడి లెక్కన వచ్చే పరిహారం తనదని గట్టిగా అడగలేడు. కంపెనీ కొత్త పిల్లల్ని దింపేదాకా షెడ్డు ఖాళీ. షెడ్డు మీద తెచ్చిన అప్పు మాత్రం తనదే.

షెడ్ల పక్కనే రేకుల గదుల్లో కాపురముండే కూలీలూ ఉన్నారు. గుడ్లు ఏరడం, దాణా పోయడం, ఎరువు ఎత్తడం వాళ్ల పని. కోళ్లు లేని షెడ్డులో వాళ్లకు పనుండదు. వాళ్ల పేరు ఏ పరిహారం జాబితాలోనూ ఉండదు.

జబ్బు రాకపోయినా నష్టమే

ఇంకో ఫారాన్ని తీసుకుందాం. అదీ యాభైవేల కోళ్లదే. కానీ తెగులు వచ్చిన ఊరికి వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒక్క కోడికీ జబ్బు లేదు. అయినా జనం గుడ్డు మానేశారు కాబట్టి ధర ఒక్క రూపాయి తగ్గిందనుకుందాం. రోజుకు 45 వేల గుడ్ల మీద 45 వేల రూపాయలు పోయినట్టే. నెలకి పదమూడున్నర లక్షలు! సరిహద్దులో లారీలు పదిరోజులు ఆగిపోతే గుడ్లు షెడ్డులో పేరుకుపోతాయి. కోళ్లు మాత్రం తినడం మానవు. పదిరోజులకు 55 టన్నుల దాణా పోయాల్సిందే. కార్ఖానాకు తాళం వేసినట్టు కోళ్లఫారానికి వేయలేం కదా!

ఈ రైతుకి ఒక్క పైసా పరిహారం రాదు. ఎందుకంటే ఆయన కోళ్లు బతికే ఉన్నాయి. ఇలాంటివారే ఎక్కువమంది కాబట్టి, మొత్తం నష్టంలో పెద్ద వాటా చచ్చిన కోళ్లది కాదు, అమ్ముడుపోని కోళ్లది, గుడ్లది. ఆ దెబ్బ కోళ్ల దాణాకి మొక్కజొన్న అమ్ముకునే రైతు దాకా పోతుంది.

విచిత్రమేంటంటే ఇదే జబ్బు అమెరికాలో సరిగ్గా ఎదురు తిరిగింది. 2015లో అక్కడ బర్డ్‌ఫ్లూ వల్ల అయిదు కోట్ల కోళ్లూ టర్కీలూ పోయాయి. గుడ్లకు పేరుపడ్డ అయోవా రాష్ట్రానిదే అందులో సగానికి పైగా. 2022లో మొదలైన మరో విడత 2025 నాటికి 16 కోట్లకు పైగా పక్షుల్ని మింగేసింది. అయినా జనం గుడ్డు తినడం మానలేదు. సరకు తగ్గింది, గిరాకీ తగ్గలేదు. దాంతో 2022 జనవరిలో రెండు డాలర్లకు లోపే ఉన్న డజను గుడ్ల సగటు ధర 2025 మార్చిలో 6.23 డాలర్లకు చేరింది. అక్కడ అన్నిటికన్నా పెద్ద గుడ్ల కంపెనీ కాల్-మెయిన్ లాభం ఒక్క ఏడాదిలో 13 కోట్ల డాలర్ల నుంచి 75 కోట్ల డాలర్లకు ఎగబాకింది. జబ్బు తగలని రైతుకి అక్కడ లాభం. అదే రైతుకి ఇక్కడ నష్టం. అక్కడ జేబు చిల్లు పడింది కొనేవాళ్లకి. ఇక్కడ పెంచేవాళ్లకి.

తేడా వైరస్‌లో లేదు. నమ్మకంలో ఉంది. ‘ఫలానా ఫారంలో వచ్చింది, మిగతావి పరీక్షించాం, వాటిలో లేదు’ అన్న మాట జనానికి వెంటనే, స్పష్టంగా చేరితే భయం ఆ కిలోమీటరు దగ్గరే ఆగుతుంది. చేరకపోతే రాష్ట్రాలు దాటుతుంది.

నవాపూర్ నేర్పిన పాఠం

ఈ భయాన్ని దేశంలో మొదట చవిచూసిన ఊరు నవాపూర్. మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లాలో, గుజరాత్ సరిహద్దులో ఉంటుంది. ఆదివాసీ ప్రాంతంలో కోళ్లఫారాలే పెద్ద ఉపాధి. 2006 ఫిబ్రవరి 18న దేశంలో తొలి బర్డ్‌ఫ్లూ అక్కడే నిర్ధారణ అయింది. లక్షల కోళ్లను చంపేశారు. కొద్దిరోజుల్లోనే వందల మైళ్ల దూరంలో రైళ్లలో సైతం చికెన్ వడ్డించడం ఆపేశారు. హైదరాబాద్‌లో చికెన్ అడిగే దిక్కు లేకుండా పోయింది. తెలుగునాట ఒక్క ఫారంలోనూ వైరస్ లేకపోయినా మన రైతులు ఆ ఏడాది నిండా మునిగారు.

నవాపూర్ రైతులు అప్పులు తెచ్చి మళ్లీ షెడ్లు నింపారు. ఫారాలు మళ్లీ పక్కపక్కనే లేచాయి. పదిహేనేళ్ల తరవాత, 2021 ఫిబ్రవరిలో వైరస్ మళ్లీ అదే ఊరికొచ్చింది. మళ్లీ లక్షల కోళ్లు గోతుల్లోకి వెళ్లాయి. మన దగ్గరా అంతే... 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగొట్ల, గుమ్మళ్లదిబ్బల్లో వచ్చింది. సరిగ్గా ఏడాదికి గోదావరి జిల్లాల్లో. చలికాలంలో వలసపక్షులు వస్తూనే ఉంటాయి. అంటే ఇది ఎప్పుడో ఒకసారి వచ్చిపడే ఉపద్రవం కాదు, వ్యాపారంలో లెక్కలోకి తీసుకోవాల్సిన ఖర్చు.

చెబితే నష్టం... దాస్తే ఇంకా నష్టం

ఇక్కడే ఉంది అసలు చిక్కు. పరిహారం అధికారులు చంపిన కోళ్లకే. జబ్బుతో అప్పటికే చచ్చినవాటికి లేదు. రైతు వెంటనే కబురు చేయాలన్నది ఆ నిబంధన ఉద్దేశం. యాభైవేల కోళ్లలో సగం చచ్చాక చెబితే చేతికొచ్చేదీ సగమే కదా.

కానీ రైతు వైపు నుంచి చూడండి. ఓ ఉదయం పాతిక కోళ్లు చచ్చి కనిపిస్తాయి. కొక్కెర తెగులు కావచ్చు, ఎండదెబ్బ కావచ్చు. ఫోన్ చేస్తే నమూనాలు భోపాల్ వెళ్తాయి. బర్డ్‌ఫ్లూ అని తేలితే మిగతా కోళ్లన్నీ పోతాయి. పరిహారం పెంచిన ఖర్చులో సగానికీ చాలదు. పైగా కిలోమీటరు పరిధిలో ఉన్న పక్క రైతుల కోళ్లూ పోతాయి. ఊరంతా తనను వేలెత్తి చూపుతుంది. చెప్పకుండా ఆ రాత్రే బతికున్న కోళ్లను వ్యాపారికి అమ్మేస్తే? కొంతైనా చేతికొస్తుంది. ఆ బండితోపాటే వైరస్ ఇంకో పది ఊళ్లు తిరుగుతుంది. ఒక్క రైతుకి లాభమనిపించే దారి, అందరికీ నష్టం తెచ్చే దారి ఒకటే అయ్యాయి.

కబురు ఆలస్యమైతే ఏమవుతుందో కోళ్ల విషయంలోనే కాదు, పశువుల్లోనూ చూశాం. బ్రిటన్‌లో 2001 ఫిబ్రవరిలో గాలికుంటు బయటపడింది. మొదటి కేసు నిర్ధారణ అయ్యేసరికే కనీసం 57 ఫారాలకు జబ్బు పాకి ఉంది. జబ్బు మొదలైందని భావిస్తున్న పందుల ఫారం యజమాని సమాచారం ఇవ్వలేదు. ఈలోగా సంతల మీదుగా గొర్రెలు దేశమంతా తిరిగాయి. చివరికి 60 లక్షలకు పైగా పశువుల్ని చంపాల్సి వచ్చింది. ఖర్చు 800 కోట్ల పౌండ్లు. పల్లెలకు రాకపోకలు కట్టడి చేయడంతో పశువులతో సంబంధంలేని హోటళ్లూ, పర్యాటక వ్యాపారాలూ కుదేలయ్యాయి.

అందుకే పరిహారం రైతు మీద దయ కాదు. ముందుగా కబురు తెప్పించుకోవడానికి సమాజం కట్టే ధర. అది కోడి పెంపకం ఖర్చుకి దగ్గరగా ఉండి, వారాల్లో చేతికందితే రైతు ఫోన్ చేస్తాడు. లేకపోతే కాలువ గట్టుకి నడుస్తాడు.

దారేదైనా ఉందా?

పరిహారం పెంచితే చాలదు, దానికో షరతూ ఉండాలంటోంది అమెరికా అనుభవం. పరిహారం తీసుకున్న కొన్ని ఫారాల్లోనే మళ్లీ మళ్లీ జబ్బు వచ్చింది. దాంతో 2024 డిసెంబరులో నిబంధన బిగించారు. జబ్బు వచ్చిన ఫారం మళ్లీ కోళ్లు పెంచి, మళ్లీ పరిహారం కోరాలంటే రక్షణ ఏర్పాట్ల తనిఖీలో నెగ్గాలి.

ఆ రక్షణ ఏర్పాట్లు మరీ ఖరీదైనవేం కాదు. ఫారం గేటు దగ్గర బండి చక్రాలు మునిగే మందునీళ్ల తొట్టి. షెడ్డులోకి వెళ్లేవారికి వేరే చెప్పులు. కాకులూ పిట్టలూ దూరకుండా వల. బయట తిరిగిన పాత ట్రేలను లోపలికి రానివ్వకపోవడం. చచ్చిన కోడిని పూడ్చడానికి ఫారంలోనే గొయ్యి. వినడానికి చిన్నవే. రోజూ తప్పకుండా చేయడమే కష్టం. పది ఫారాల్లో తొమ్మిది పాటించి ఒకటి వదిలేసినా ఫలితం ఉండదు. కాబట్టి ఇది ఊరంతా కలిసి చేయాల్సిన పని.

పాటిస్తే ఫలితం ఉంటుందనడానికి మన దేశంలోనే నిదర్శనం ఉంది. జబ్బు దేశంలో ఉన్నా, గట్టి రక్షణలో ఉన్న కొన్ని ఫారాల సముదాయాలను జబ్బు లేనివిగా విడిగా ప్రకటించుకోవచ్చు. 2023లో మహారాష్ట్ర, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలోని 26 సముదాయాలకు సంబంధించి భారత్ చేసిన ఇలాంటి ప్రకటనను ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ఆమోదించింది. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మొదటి స్థానంలో ఉన్న ఆంధ్రప్రదేశ్ పేరు ఆ జాబితాలో లేదు!

టీకా మాటేమిటి? ఫ్రాన్స్ 2023 అక్టోబరు నుంచి బాతులకు టీకాలు వేస్తోంది. టీకా వేసిన కోడిలో వైరస్ పైకి కనబడకుండా తిరగొచ్చన్న అనుమానంతో కొన్ని దేశాలు అలాంటిచోటి సరకు కొనడానికి జంకుతాయి. కాబట్టి టీకా వేసినా పరీక్షలు తప్పవు.

కొత్త షెడ్డు కట్టేటప్పుడు పక్క ఫారానికి ఎంత దూరం ఉండాలి, ఒక మండలం ఎన్ని కోళ్లను మోయగలదు అన్నది కూడా లెక్కేసుకోవాల్సిందే. దూరం పెరిగితే రవాణా ఖర్చు పెరుగుతుంది. గుడ్డు ధర కొన్ని పైసలు పెరగొచ్చు. ఇప్పుడు ఆ పైసలు మనం కట్టడం లేదు. తెగులు వచ్చిన ఏడాది రైతు ఒక్కడే మొత్తం ఒకేసారి కడుతున్నాడు.

వంటింట్లో ఇవి గుర్తుంచుకోండి

* బాగా ఉడికించిన గుడ్డు, చికెన్ తినొచ్చు. 70 డిగ్రీల వేడి లోపలి దాకా చేరితే వైరస్ నశిస్తుంది. మన కూరలు అంతకన్నా ఎక్కువ వేడిలోనే ఉడుకుతాయి.

* పచ్చి మాంసం నోట్లో పెట్టుకోవద్దు, పిల్లలకు అసలే పెట్టొద్దు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో బర్డ్‌ఫ్లూ సోకి ఓ చిన్నారి చనిపోయింది. పచ్చి చికెన్ ముక్క తినడమే కారణమై ఉంటుందని భావించారు. తెగులు ఉన్న రోజుల్లో పచ్చిగుడ్డు, సగం ఉడికిన గుడ్డు కూడా వద్దు.

* చికెన్ కోసిన చాకు, పీటలతోనే కూరగాయలు తరగొద్దు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

* పెరటికోళ్లు ఒకేసారి రెండు మూడు చనిపోతే చేత్తో ముట్టుకోవద్దు, కాలువలో పడేయొద్దు. పశువైద్యశాలకు గానీ, 1962 నంబరుకు గానీ కబురు చేయాలి.

* ఎక్కడో ఓ ఊళ్లో తెగులు వచ్చిందని విని గుడ్డు మానేసేముందు అది ఏ ఊరు, మన గుడ్డు ఎక్కడిది అని ఒక్కసారి కనుక్కోండి. మీ ఇంట్లో పిల్లల బలానికీ, ఆ రైతు ఇంట్లో పిల్లల చదువుకీ రెంటికీ మంచిది.